మిర్చి కల్లంలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ

"కాలేజీకి రావద్దు. గురువారం పదకొండు లోపు పర్చూరు దగ్గర మిరప కల్లానికి వచ్చేయండి. సర్టిఫికెట్లు అక్కర్లేదు. నూలు బట్టలు వేసుకోండి, సెంటు పూసుకోవద్దు." పీహెచ్‌డీ సీటు కోసం నేను పంపిన మెయిలుకి వచ్చిన జవాబు అంతే. కింద ఒక ప్రొఫెసర్ గారి పేరు, ఫోను నంబరు ఉన్నాయి. మెయిలు మాత్రం కాలేజీ ఐడీ నుంచి కాదు, ఆవిడ సొంత ఐడీ నుంచి వచ్చింది. చదవగానే నాకు ఒళ్ళు మండింది, ఆ తర్వాత భయమేసింది, ఆ తర్వాత ఇందులో మోసం ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను. స్నేహితులు నన్ను అనుమానపు పక్షి అంటారు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు.

నల్లపాడులో ఉంటాను. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి గుంటూరులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తున్నాను. పరిశోధనకి ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్ష రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. పరీక్ష పాసయ్యాం కదా అని చంకలు గుద్దుకుంటే సరిపోదని చాలామందికి తెలియదు. ఆ ఫెలోషిప్‌కి గడువు ఉంటుంది. ఈలోగా ఎవరో ఒక గైడు మనల్ని తీసుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. పెట్టకపోతే అది మురిగిపోతుంది, మళ్ళీ పరీక్ష మొదటినుంచి రాసుకోవాలి. నా గడువు ఈ మార్చి నెలాఖరుతో సరి. రాసిన మెయిళ్ళలో చాలావాటికి జవాబే లేదు. ఒక పెద్దమనిషి ఫోన్ చేసి నా పరిశోధన గురించి కాక పెళ్ళెప్పుడని అడిగాడు. ఇంకొకాయన దగ్గర ఖాళీ లేదు. గుంటూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు గైడుని, అంశాన్ని, చివరికి థీసిస్‌ని కూడా వాళ్ళే సమకూరుస్తామనీ, నేను సంతకాలు పెడితే చాలనీ కాఫీ ఇచ్చి మరీ చెప్పారు. కాఫీ తాగి వచ్చేశాను. అప్పటినుంచి ఎవరు సీటిస్తామన్నా నాకు ముందు వాళ్ళ జేబు కనిపిస్తుంది.

ఈవిడ మాత్రం ఏమీ అడగలేదు, అదే నాకు ఎక్కువ అనుమానం తెప్పించింది. కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. కరుణ మేడమ్ నిజంగానే ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బుల మీద పనిచేస్తారు, మిరప కూలీల ఊపిరి కొలిచే ప్రాజెక్టు ఒకటి నడుస్తోంది. ఇంతవరకు బాగానే ఉంది. ఫోన్ పెట్టేసే ముందు ఆఫీసులో ఆయన గొంతు తగ్గించి, "ఆవిడ దగ్గర పిల్లలెవరూ నిలవట్లేదమ్మా, చూసుకోండి" అన్నాడు. ఎందుకు నిలవట్లేదో చెప్పమంటే లైను సరిగా లేదన్నాడు. మా అక్క ఒంటరిగా వెళ్ళొద్దంది, వెళ్తే ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచమంది. గడువు ముంచుకొస్తుంటే వెళ్ళక ఏం చేస్తాను, లొకేషన్ ఆన్ చేసే బయల్దేరాను.

ఇలాంటి పనిమీద ఇటు వచ్చేవాళ్ళ కోసం దారి చెబుతాను. గుంటూరు బస్టాండులో పొద్దున్నే ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటకి కాస్త అటూ ఇటూగా చిలకలూరిపేటలో దిగుతారు. ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి, మగవాళ్ళకి వందలోపే అవుతుంది. మార్చిలో ఈ దారిని కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టొచ్చు. కోల్డ్ స్టోరేజీల ముందు మిర్చి టిక్కీలతో, అంటే బస్తాలతో, లారీలు బారులు తీరి ఉంటాయి, ఒక్కో గేటు దాటుతుంటే బస్సులో ఒక్కో వరుస తుమ్ముతుంది. పేటలో బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. వడ్డించినావిడ నా ఖాళీ చేతుల వంక చూసి, పెళ్ళికా పరీక్షకా అని అడిగింది. ఇంటర్వ్యూకి అంటే, ఫైలు లేకుండా ఇంటర్వ్యూ ఏమిటని ఆవిడకీ అనుమానం వచ్చింది. నిజానికి సర్టిఫికెట్ల నకళ్ళు, గైడు సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం సంచి అడుగున దుప్పటాలో చుట్టి పెట్టుకున్నాను. అక్కర్లేదంటే తెచ్చుకోకుండా వచ్చే రకాన్ని కాదు.

పేటలో చీరాల బస్సు ఎక్కి పర్చూరులో దిగాను. అదో గంట. దారికి రెండు వైపులా నల్లరేగడి, పత్తి తీసేశాక మిగిలిన కట్టె, మధ్యమధ్యలో శనగ, పొగాకు. మడి దాటిన ప్రతిచోటా ఎర్రగా పరిచిన కల్లాలు. ఈ ఊళ్ళు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చాయి కానీ అడిగితే చాలామంది నోట ప్రకాశమనే వస్తుంది. పర్చూరు నుంచి ఆ ఊరికి సర్వీసు ఆటోలు తిరుగుతాయి, మనిషికి ముప్పై తీసుకున్నారు. ఆటో నడిపే ఆయన అద్దంలో నన్ను రెండుసార్లు చూసి, నకిలీ విత్తనాల కేసు మీద వచ్చారా మేడమ్ అని అడిగాడు. కాదంటే పురుగుమందుల కంపెనీయా అన్నాడు. చివరికి నేనే కరుణ మేడమ్ పేరు చెప్పాను.

"ఆ ఊపిరి మేడమ్ దగ్గరికా? ముందరే చెప్పాల్సింది. పోయినేడు ఆమె కింద చేరిన కుర్రాణ్ణి నేనే దించా. వెనక్కి కూడా నా ఆటోలోనే ఎక్కాడు. మళ్ళీ రాలా."

ఏం చెప్పి వెళ్ళాడని అడిగాను. ఏమీ చెప్పలేదట, దారిపొడవునా ఆటోలోంచి కల్లాల్నే చూస్తూ కూర్చున్నాడట. దిగేటప్పుడు ఆ ఆటో ఆయన నంబరు తీసుకున్నాను. వెనక్కి వెళ్ళడానికి బండి ఉందన్న ధైర్యం ఉంటే తప్ప నేను ఏ గుమ్మమూ ఎక్కను.

కల్లం రోడ్డు పక్కనే ఉంది. పట్టాల మీద కాయలు పరిచి ఉన్నాయి. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని, తెల్లబడ్డ తాలు కాయలు ఏరి పక్కన పోస్తున్నారు. చీరల మీద మగవాళ్ళ పాత ఫుల్‌షర్టులు, చేతులకి చిరిగిన సాక్సులు, తలకీ మొహానికీ చుట్టిన తువ్వాళ్ళు. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. కొంచెం దూరంలో కాలేజీ వ్యాను ఆగి ఉంది. దాని నీడలో ప్లాస్టిక్ కుర్చీలో యాభై ఏళ్ళావిడ, నేత చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు. ఆవిడే కరుణ మేడమ్. నా పేరు అడగలేదు. కాసేపు నా వంక చూసి, "దగ్గట్లేదే" అంది.

మిరప కల్లం దగ్గరికి వచ్చిన కొత్తవాళ్ళు నిమిషంలో దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నేను పుట్టింది సత్తెనపల్లి వైపు మిరప పండే ఊళ్ళో. బడి సెలవులన్నీ మా అమ్మతో కలిసి కోతలకీ కల్లాలకీ పోయినదాన్నే. కాయల దగ్గర ఊపిరి పైపైన తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు, కాళ్ళకి నడక వచ్చినట్టే వచ్చింది. అదే చెప్పాను. మేడమ్ తలాడించింది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదేనని తర్వాత తెలిసింది. అంతకుముందు వచ్చినవాళ్ళలో సగం మంది ఆ ప్రశ్నకే తిరుగు బస్సు ఎక్కారట.

మిగతా ప్రశ్నలు మామూలువే. ఊపిరితిత్తుల పనితీరు ఎలా కొలుస్తారు, ఏ అంకె తగ్గితే ఏమనుకోవాలి, ల్యాబులో ఏయే యంత్రాలు వాడాను. అన్నీ చెప్పాను. అప్పుడు ఆవిడ ట్యాబు తెరిచి మూడు సీజన్ల కొలతలు చూపించింది. గ్రాఫులు ఒకదాని పక్కన ఒకటి చక్కగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా మిరప దుమ్ములో బతుకుతున్న ఆడవాళ్ళ ఊపిరితిత్తులు క్రీడాకారిణులకి ఉన్నట్టున్నాయి. వీటితో ఒక వ్యాసం సిద్ధమవుతోందట. మిరప దుమ్ము అందరూ అనుకున్నంత చేటు చేయడం లేదని దాని సారాంశం. నేను చేరితే ఆ వ్యాసంలో నా పేరు కూడా ఉంటుందట. నాలుగు రోజుల క్రితం సీటే లేదు, ఇప్పుడు సీటుతో పాటు అచ్చులో పేరు కూడా. నాకు వెంటనే కన్సల్టెన్సీ వాళ్ళ కాఫీ గుర్తొచ్చింది.

"ఈ ప్రాజెక్టుకి డబ్బు ఎవరిస్తున్నారు మేడమ్? వ్యాపారులా?" అని అడిగేశాను. ఇంటర్వ్యూలో అడగకూడని మాట అని నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఆవిడ మొహం ఎర్రబడింది. ప్రభుత్వ నిధులేనని, కావాలంటే మంజూరు కాగితాలు చూసుకోమని అంది. తర్వాత తన వంతుగా, హైదరాబాదులో ఇంకా మంచి చోటు దొరికితే మధ్యలో చెప్పకుండా పోతావా అని అడిగింది. పోనన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. నేనూ ఆవిణ్ణి నమ్మలేదు. అలా ఒకరిమీద ఒకరం కన్నేసి ఉంచుకుని ఆ రోజు పనిలోకి దిగాం.

నా పని వ్యాను మెట్టు దగ్గర నిలబడి, ఊపిరి కొలిచే యంత్రంలో ఒక్కొక్కరు ఊదాక దాని అట్టగొట్టం మార్చి కొత్తది పెట్టడం. లోపల టెక్నీషియన్ కూర్చుంటాడు. సిగ్గరి మనిషి. పేరు పిలిచి, తల ఎత్తకుండా తెర వంకే చూస్తూ, గట్టిగా ఊదమ్మా అంటాడు. వచ్చినావిడ చెప్పులు మెట్టు దగ్గర వదిలి, తువ్వాలు మూతి వరకు దించి, ఊది, మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోతుంది. సామ్రాజ్యం అనే పేరు పిలిస్తే ఒకావిడ వచ్చింది. ఎడమ చెప్పుకి నీలం పట్టీ, కుడిదానికి పచ్చ పట్టీ. తెగిన పట్టీకి దొరికిన రంగు వేయించుకుంది. ఆవిడ ఊదితే తెర మీద గీత పైకి ఎక్కడికో వెళ్ళింది. టెక్నీషియన్ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్ళాక, ఏసమ్మ అని పిలిచాడు. మెట్టు దగ్గరికి మళ్ళీ అదే నీలం పట్టీ, పచ్చ పట్టీ వచ్చాయి.

నేను కల్లం వైపు తిరిగి చూశాను. చివర ఒక ముసలావిడ తువ్వాలు విప్పేసి, సీసాలో నీళ్ళు పట్టుకుని వంగిపోయి దగ్గుతోంది. పక్కన ఇద్దరు ఆవిడ ముందున్న కాయల్ని తమవైపు లాక్కుని ఏరుతున్నారు. లోపల ఏసమ్మ పేరు మీద గీత మళ్ళీ ఎక్కడికో వెళ్ళింది.

ఆ క్షణంలో నాకు మోసం దొరికిందనిపించింది, కాస్త సంతోషం కూడా కలిగింది. అనుమానం నిజమైతే నాలాంటివాళ్ళకి కలిగే దిక్కుమాలిన సంతోషం అది. మేడమే ఇదంతా చేయిస్తోంది, అందుకే పిల్లలు పారిపోతున్నారు అనుకున్నాను. కానీ ఆవిడ కుర్చీలోంచే మా వంక చూస్తూ, ఏసమ్మ అంకె ఎంతని ఆత్రంగా అడిగింది. చెప్పగానే నిజంగా మురిసిపోయింది. అబద్ధమాడేవాళ్ళు అలా మురిసిపోరు.

మధ్యాహ్నం కల్లం పక్కన కట్టిన పరదా కింద అందరూ క్యారియర్లు విప్పారు. నేను ఆ రెండు రంగుల చెప్పుల పక్కనే కూర్చున్నాను. తువ్వాలు తీస్తే సామ్రాజ్యం నలభై దాటిన మనిషి, చెంపలు నొక్కుకుపోయి ఉన్నాయి కానీ గొంతు మాత్రం పొలం అవతలి గట్టుకి వినిపిస్తుంది. ఆ ముఠాకి మేస్త్రి కూడా ఆవిడే. నాకు గోంగూర, అన్నం పెట్టి, మా ఊరు, అమ్మ పేరు, ఏం కోతలకి పోయేవాళ్ళమో అన్నీ ఆరా తీసింది. నిజమా అబద్ధమా అని తూకం వేస్తున్నట్టు వింది. అంతా అయ్యాక నేను నెమ్మదిగా, ఏసమ్మ పేరు పిలిస్తే నువ్వెందుకు వెళ్ళావక్కా అని అడిగాను. దాస్తుందనుకున్నాను. దాచలేదు.

"దాని సాలు ఎనకబడింది, అందుకున్నా. మీ ఊళ్ళో అందుకోరా?"

ఎందుకు అందుకోరు, మా ఊళ్ళోనూ అందుకుంటారు. మిరప కోతలో ఒక్కో మనిషికీ ఒక్కో సాలు ఉంటుంది, అంటే మొక్కల వరస. అందరూ ఒకేసారి గట్టు చేరాలి. ఎవరికైనా నడుము పట్టేసినా, జ్వరమొచ్చినా, పక్క సాళ్ళవాళ్ళు చెరి నాలుగు మొక్కలు కోసి ఆ సాలుని కూడా ముందుకు తోస్తారు. దాన్ని అందుకోవడం అంటాం. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు. చిన్నప్పుడు నా సాలుని మా అమ్మ పక్కనున్నావిడ ఎన్నిసార్లు అందుకుందో లెక్కలేదు. ఇక్కడ కూడా అదే జరిగింది. ఊదే పని వచ్చింది, ఏసమ్మకి ఊపిరి చాలదు, కాబట్టి చాలినావిడ వెళ్ళి ఆ పనీ ముగించి వచ్చింది. మూడు సీజన్లుగా ఎవరికి చాలకపోతే వాళ్ళ వంతు ఊదుతూనే ఉన్నారు. తువ్వాళ్ళ చాటున అందరూ ఒకేలా ఉంటారు, టెక్నీషియన్ తల ఎత్తడు.

దీనికి ఇంకో కారణం కూడా ఉందని సామ్రాజ్యం తర్వాత చెప్పింది. వెనకెప్పుడో ఎవరో వచ్చి రక్తాలు తీసుకుని వెళ్ళారట. ఆ తర్వాత ఇద్దరికి ఒంట్లో బాగాలేదన్న మాట ఎలా పొక్కిందో పొక్కింది, ఆ కల్లం ఆసామి వాళ్ళని పనిలోకి పిలవడం మానేశాడు. ఏసమ్మకి ఇంట్లో ఇంకో సంపాదన లేదు. ఇదంతా చెప్పి, అంతవరకు లేని గొంతుతో నన్ను అడిగింది.

"నీ సీటు కోసం మా పేర్లు చెప్తావా?"

చెప్పనన్నాను. కానీ ఆ తర్వాత గంటసేపు నాకు ఏ పనీ చేతకాలేదు. నోరు మూసుకుంటే సాయంత్రానికి సంతకం వస్తుంది, వ్యాసంలో పేరు వస్తుంది, నెలాఖరు భయం పోతుంది. ఏసమ్మకి మాత్రం ఊపిరి దివ్యంగా ఉందని లోకమంతా నమ్ముతుంది, ఆవిడ అలా దగ్గుతూనే ఉంటుంది. నోరు తెరిస్తే మేడమ్ మూడేళ్ళ పని మట్టి కొట్టుకుపోతుంది. తన మూడేళ్ళ పని మట్టి చేసిన అమ్మాయికి ఏ గైడు సంతకం పెడుతుంది? నాకు చచ్చేంత భయమేసింది. సాలు అందుకున్నవాళ్ళని నేను దొంగలనలేను, అంకెల్ని నిజమనీ అనలేను. చివరికి వ్యాను వెనక్కి పిలిచి మేడమ్‌కి చెప్పేశాను. పేర్లు చెప్పలేదు. ఒకరి బదులు ఇంకొకరు ఊదుతున్నారనీ, ఎందుకు ఊదుతున్నారో, కోతల్లో సాలు అందుకోవడం ఎలా ఉంటుందో మాత్రం చెప్పాను.

ఆవిడ ముందు నమ్మలేదు. ఎవరో చెప్పమంది. చెప్పనన్నాను. గడువు దగ్గరపడ్డ పిల్లలు తెలివి చూపించుకోవడానికి ఏదో ఒకటి కనిపెడతారని అంది. నన్ను ఎవరు పంపారని కూడా అడిగింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆటో ఆయనకి ఫోన్ చేద్దామని సంచి తీసుకున్నాను. ఆవిడ అటు తిరిగి, పరిచిన కాయల గట్టు వెంబడి చివరిదాకా నడిచి వెళ్ళి, చాలాసేపటికి తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది మిరప వల్లేనని అనుకున్నాను.

"పోయినేడు వెళ్ళిపోయిన అబ్బాయి కూడా అంకెలు అతకట్లేదన్నాడు. పని ఎగ్గొట్టడానికి సాకు అనుకున్నాను. సాయంత్రం దాకా టైముంది. నువ్వు చెప్పేది నిజమైతే చూపించు."

చూపించాలంటే సామ్రాజ్యమే దిక్కు. వెళ్ళి అడిగాను. ఆవిడ ముఠాతో ఏదో గుసగుసలాడి వచ్చి షరతులు పెట్టింది. ఊదేది కల్లంలో కాదు, వాళ్ళ పల్లెలో. ఆసామి తరఫువాళ్ళెవరూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పేర్లు రాయకూడదు, అంకెలే వేసుకోవాలి. అన్నిటికీ మేడమ్ ఒప్పుకుంది, పేర్ల బదులు అంకెలు వేసుకునే పద్ధతి ఎలాగూ ఉందంది. చివరి షరతు నాకు పెట్టింది. ముందు నేను ఊదాలి. మిరప ఊరి పిల్లనని చెప్పుకున్నావుగా, అది కూడా తేలిపోతుందని నవ్వింది.

పొద్దు వాలేవేళకి పల్లె చర్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. కల్లం నుంచి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా పిల్లల్ని కూడా ముట్టుకోరు కాబట్టి మేం చాలాసేపు ఎదురుచూశాం. వాళ్ళు రావట్లేదేమో, మమ్మల్ని కల్లం నుంచి సాగనంపడానికే అలా చెప్పారేమో అని నాకు మళ్ళీ అనుమానం. చివరికి ఒక్కొక్కరే వచ్చారు. తడి జుట్టు, ఉతికిన చీరలు, మొహాన పౌడరు. పొద్దుటి నుంచి చూసినవాళ్ళలో ఒక్కరిని కూడా గుర్తుపట్టలేకపోయాను, గొంతులు విని పోల్చుకోవాల్సి వచ్చింది. మేడమ్ కూడా అలాగే చూస్తూ ఉండిపోయింది. మూడేళ్ళుగా వస్తున్నా వాళ్ళ మొహాలు పూర్తిగా చూడటం అదే మొదటిసారట. టెక్నీషియన్ని పక్కన కూర్చోబెట్టి యంత్రం తనే పట్టుకుంది.

నేను ఊదాను. మేడమ్ తెర చూసి, ఇంకోసారి అంది. ఈసారి కడుపులోంచి ఊదాను. ఇంకోసారి అంది. మూడోసారి ఊదేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. నా వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దాంట్లో ఎనభై శాతమైనా రావాలి, రాలేదు. యంత్రం పాడైందేమో చూడమన్నాను. గొట్టం కారుతోందేమో అన్నాను. మేడమ్ తను కూడా ఊది చూసుకుంది, ఆవిడకి సరిగ్గానే వచ్చింది. నేను సిగరెట్టు ముట్టలేదు, ఆస్తమా లేదు. నాకున్నవల్లా బడి సెలవులు. అప్పుడు స్తంభాన్ని ఆనుకుని కూర్చున్న ఏసమ్మ ఆయాసపడుతూనే అంది.

"నీ సాలు కూడా ఎనకబడిందే పిల్లా. సామ్రాజ్యాన్ని అందుకోమంటావా?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. వద్దత్తా, నాది నన్నే కొయ్యనీ అన్నాను. ఏసమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. గొట్టం నోట పెట్టుకోబోతూ, ఆసామికి చెప్పరు కదా అని మేడమ్‌ని అడిగింది. చెప్పనని మేడమ్ మాటిచ్చింది. ఏసమ్మ ఊదింది. గీత మొదలైన చోటే పడిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సామ్రాజ్యం గోడకేసి తిరిగి నిలబడింది. మేడమ్ ఏసమ్మ చెయ్యి వదలకుండా, ఆస్పత్రికి ఎప్పుడు రావాలో, బండి ఎక్కడ ఆగుతుందో రెండుసార్లు చెప్పింది.

అందరి వంతూ అయ్యేసరికి చీకటి పడబోతోంది. మేడమ్ నా కాగితం అడిగింది. సర్టిఫికెట్లు వద్దన్నా తెచ్చే రకానివని నాకు తెలుసులే అంటూ వ్యాను బానెట్ మీద పెట్టి సంతకం చేసింది. వ్యాసం ఏమవుతుందని అడిగితే, మూడేళ్ళది చెత్తబుట్టలోకి పోతుంది, మళ్ళీ మొదటినుంచి అని అంది. ఆ మాటని చాలా మామూలుగా అంది కానీ కలం మూత పెట్టడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. నన్ను పర్చూరులో బస్సు ఎక్కించి వెళ్ళింది. బస్సులో ఆ కాగితం తీసి సంతకం, తేదీ, పేరు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాను. పేట దాటాక ఇంకోసారి చూసుకున్నాను. నా జన్మలో ఇది మారదు.

ఆ రోజు నేను అనుమానించని మనిషి లేడు. మేడమ్‌ని, ఆటో ఆయన్ని, సామ్రాజ్యాన్ని, చివరికి యంత్రాన్ని కూడా అనుమానించాను. నా ఊపిరిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. మిరప కల్లంలో దగ్గకపోవడం గొప్ప అనుకుంటూ ఇన్నేళ్ళు తిరిగాను. ఇంటికి వచ్చాక అమ్మకి ఫోన్ చేసి, వచ్చే వారం ఏసమ్మ వెళ్ళే ఆస్పత్రికే తననీ తీసుకెళ్తున్నానని చెప్పాను. నాకేం రోగం అని విసుక్కుంది. విసుక్కుంటూనే దగ్గింది. ఆ దగ్గు నేను పుట్టినప్పటినుంచీ వింటున్నదే, ఇల్లు ఊడుస్తున్న చప్పుడులా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు వినిపిస్తోంది.

పీహెచ్‌డీ చోటు వెతుకుతున్నవాళ్ళకి ఒకటే సలహా. గైడు ఎంత మంచివారో చేరినవాళ్ళని అడగకండి, మధ్యలో వదిలేసి వెళ్ళినవాళ్ళ నంబరు సంపాదించి ఏం చూసి వెళ్ళారో అడగండి. పోయినేడు వెళ్ళిపోయిన ఆ అబ్బాయి నంబరు మేడమ్ దగ్గర తీసుకుని నేను ఆ మర్నాడే ఫోన్ చేశాను. మేడమ్ పేరు చెప్పగానే, ఎవరు మాట్లాడుతున్నారని కూడా అడక్కుండా, "రెండు రంగుల చెప్పులు చూశారా?" అన్నాడు.